పొగగొట్టం ఉన్న ఫ్యాక్టరీకి పొల్యూషన్ బోర్డు అనుమతి: తరచుగా అడిగే ప్రశ్నలు

రైస్ మిల్లులకీ, క్రషర్లకీ, చిన్నచిన్న కెమికల్ యూనిట్లకీ పొల్యూషన్ బోర్డు ఫైళ్లు తయారుచేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఫోన్ చేసే మనుషులు మారుతుంటారు గానీ అడిగే సందేహాలు మాత్రం అవే. ఈమధ్య మిల్లు ఓనర్లతో పాటు మిల్లు పక్కన ఇల్లున్నవాళ్లు కూడా ఫోన్ చేస్తున్నారు, వాళ్ల ప్రశ్నలు కూడా చివర్లో పెట్టాను. ఇక్కడ రాసిందంతా ముఖ్యంగా గాలికి సంబంధించిన అనుమతి గురించి. ఆంధ్రప్రదేశ్‌కీ తెలంగాణకీ బోర్డులు వేరైనా మూల చట్టం ఒకటే, 1981 నాటి వాయు కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

## స్థలం కొనకముందు

మాది చిన్న యూనిటే, పది మంది కూడా పనిచెయ్యరు. మాకూ పర్మిషన్ కావాలా?

ఎంతమంది పనిచేస్తున్నారన్నది లెక్కలోకి రాదు, మీ పని గాలిలోకి, నీటిలోకి ఏం వదులుతుందన్నదే లెక్క. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, అంటే సీపీసీబీ, పరిశ్రమలన్నిటికీ కాలుష్యాన్ని బట్టి మార్కులు వేసి రెడ్, ఆరెంజ్, గ్రీన్, వైట్ అని నాలుగు రంగుల్లో పెట్టింది. 2025లో ఆ జాబితాని సవరించి బ్లూ అనే ఇంకో రంగు చేర్చారు. బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు తయారీ), సిమెంట్ లాంటివి రెడ్. వైట్‌లో ఉన్నవాటికి 2024 నవంబర్ నుంచి గాలి చట్టం కింద అనుమతి అక్కర్లేదు, బోర్డుకి సమాచారం ఇస్తే చాలు. మిగతా రంగుల్లో ఉంటే కావాలి. మీది ఏ రంగో పక్క ఊరి మిల్లుని చూసి చెప్పుకోవద్దు, ఇప్పుడు అమల్లో ఉన్న జాబితా తీసి మీ ఉత్పత్తి పేరు, కెపాసిటీ, ఇంధనం మూడూ సరిచూసుకోండి. ఒకే రకం పనికి బాయిలర్ ఉంటే ఒక రంగు, లేకపోతే ఇంకో రంగు కావచ్చు.

సీఎఫ్ఈ, సీఎఫ్ఓ రెండూ ఎందుకు? ఒక్కటి సరిపోదా?

సీఎఫ్ఈ, అంటే కన్సెంట్ ఫర్ ఎస్టాబ్లిష్‌మెంట్, కట్టుకోవడానికి. సీఎఫ్ఓ, అంటే కన్సెంట్ ఫర్ ఆపరేషన్, నడుపుకోవడానికి. మన రెండు రాష్ట్రాల్లో ఈ పేర్లే వాడుక, మిగతా చోట్ల సీటీఈ, సీటీఓ అంటారు. రెండిటికీ ఆధారం గాలి చట్టంలోని సెక్షన్ 21. కాగితం మీద ఉన్న ప్లాన్ సరైనదా అని మొదటి దశలో చూస్తారు, ఆ ప్లాన్ ప్రకారమే కట్టారా అని రెండో దశలో చూస్తారు. సీఎఫ్ఈ చేతిలో ఉందని బాయిలర్ వెలిగిస్తే అది అనుమతి లేకుండా నడిపినట్టే. ఈసీ, అంటే పర్యావరణ అనుమతి, తెచ్చుకున్న పెద్ద ప్రాజెక్టులకి 2024 నవంబర్ నోటిఫికేషన్ సీఎఫ్ఈ నుంచి మినహాయింపు ఇచ్చింది. అలాంటివాటికి కూడా సీఎఫ్ఓ మాత్రం తప్పదు.

స్థలం రిజిస్ట్రేషన్ అయిపోయింది, షెడ్డు కూడా సగం లేచింది. ఇప్పుడు బోర్డు వద్దంటే?

వద్దనే అధికారం బోర్డుకి ఉంది, డబ్బు పెట్టేశాం అన్న మాట అక్కడ నిలబడదు. దీనికి మన హైదరాబాద్ కేసే దేశమంతటికీ ఉదాహరణ. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకి పది కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలు పెట్టకూడదని 1996లో జీవో 111 వచ్చింది. ఆ పరిధిలో శంషాబాద్ దగ్గర ఒక కంపెనీ ఆముదం నూనె ఉత్పత్తుల ఫ్యాక్టరీ కోసం భూమి కొని పనులు మొదలుపెట్టింది. బోర్డు అనుమతి నిరాకరించింది. అప్పీల్‌లో కంపెనీ గెలిచినా విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఏపీ కాలుష్య నియంత్రణ మండలి, ప్రొఫెసర్ ఎం.వి.నాయుడు కేసుగా పేరుపడిన ఆ వివాదంలో 1999లో ఒకటి, 2000లో ఇంకొకటి తీర్పులు వచ్చాయి, చివరికి బోర్డు మాటే నిలిచింది. హాని జరగదని రుజువు చేసుకోవలసింది ఫ్యాక్టరీ పెట్టేవాడే అని కోర్టు అక్కడ గట్టిగా చెప్పింది. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకి అడ్వాన్స్ ఇవ్వకముందే సర్వే నంబర్ తీసుకురమ్మంటాను. చెరువు, స్కూలు, ఊరు, అడవి, వాగు ఎంత దూరంలో ఉన్నాయో మ్యాప్ మీద కొలుచుకోవడానికి ఒక పూట పడుతుంది, అంతే. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను.

పంచాయతీ తీర్మానం ఉంది, ఇండస్ట్రీస్ వాళ్ల రిజిస్ట్రేషన్ ఉంది. చాలదా?

చాలదు. అవి వేరే చట్టాల కింద వచ్చే కాగితాలు. ఫైర్ ఎన్ఓసీ, బాయిలర్ ఇన్‌స్పెక్టర్ సర్టిఫికెట్, ఫ్యాక్టరీ లైసెన్స్ కూడా అంతే, వేటికవే.

బోర్డు అనుమతి ఉంటే పర్యావరణ అనుమతి అక్కర్లేదా?

2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ నోటిఫికేషన్ జాబితాలో మీ పరిశ్రమ ఉంటే ఈసీ విడిగా తెచ్చుకోవాల్సిందే, బోర్డు ఇచ్చే సీఎఫ్ఓ దాని స్థానంలో చెల్లదు. విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై ఆర్.ఆర్.వెంకటాపురం, చుట్టుపక్కల 12 మంది ప్రాణాలు పోయాక తేలిన విషయాల్లో ఇదొకటి. ఆ ఫ్యాక్టరీకి రాష్ట్ర బోర్డు అనుమతులు ఉన్నాయి, ఈసీ మాత్రం లేదు. నిద్రలో ఉన్న ఊరు అది. ఈ ప్రశ్న ఎవరడిగినా నాకు ముందు ఆ ఉదయమే గుర్తొస్తుంది.

## కట్టే దశలో, సీఎఫ్ఈ కోసం

అప్లికేషన్ ఎక్కడ పెట్టాలి, ఏమేం కావాలి?

అంతా ఆన్‌లైన్‌లోనే. తెలంగాణలో టీజీ ఐపాస్, ఆంధ్రప్రదేశ్‌లో సింగిల్ డెస్క్ పోర్టల్ ద్వారా వెళ్తుంది. స్థలం కాగితాలు, లేఅవుట్ ప్లాన్, చుట్టుపక్కల ఏముందో చూపించే మ్యాప్, ఏ ముడిసరుకు ఎంత వాడి ఏం తయారుచేస్తారో ప్రాసెస్ వివరం, బాయిలర్, డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) కెపాసిటీలు, ఇంధనం, చిమ్నీ ఎత్తు, పొగ శుభ్రం చేసే పరికరం డిజైన్, పెట్టుబడి మీద సీఏ సర్టిఫికెట్, ఇవి ముఖ్యం. ఎక్కువ ఫైళ్లు వెనక్కి వచ్చేది ఇంధనం, చిమ్నీ వివరాల దగ్గరే. బాయిలర్ అమ్మినవాడు ఇచ్చిన కాగితంలో ఒక అంకె, అప్లికేషన్‌లో ఇంకో అంకె ఉంటాయి. అప్‌లోడ్ చేసేముందు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఫీజు ఎంత?

మొత్తం పెట్టుబడిని బట్టి శ్లాబులుంటాయి, పోర్టల్‌లో అంకె వేస్తే లెక్క వచ్చేస్తుంది. ఫీజు తగ్గుతుందని పెట్టుబడి తక్కువ చూపించకండి. బ్యాంక్ లోన్ కాగితాల్లో ఉన్న అంకెతో పోలిస్తే దొరికిపోతుంది, తేడా ఫీజు తర్వాతైనా కట్టాలి.

చిమ్నీ ఎంత ఎత్తు ఉండాలి? మేస్త్రీ 20 మీటర్లు చాలంటున్నాడు

మేస్త్రీ చెప్పే విషయం కాదిది, దీనికి లెక్క ఉంది. గంధకం ఉన్న ఇంధనానికి గంటకి ఎన్ని కిలోల సల్ఫర్ డయాక్సైడ్ వస్తుందో కట్టి, ఆ అంకెని 0.3 ఘాతానికి పెంచి 14తో గుణించాలి, వచ్చేది మీటర్లలో ఎత్తు. ఉదాహరణకి గంటకి 2 టన్నుల బొగ్గు, అందులో అర శాతం గంధకం అనుకోండి. గంటకి 10 కిలోల గంధకం కాలితే 20 కిలోల సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. లెక్క వేస్తే 34 మీటర్ల పైచిలుకు. అదే గంటకి 500 కిలోల బొగ్గైతే లెక్కకి 23 మీటర్ల లోపే వస్తుంది, కానీ ఈ పద్ధతిలో కనీసం 30 మీటర్లు అని నియమం ఉంది. గంటకి 2 టన్నుల లోపు ఆవిరి ఇచ్చే చిన్న బాయిలర్లకి వేరే పట్టిక, పక్క భవనం ఎత్తుకి రెండున్నర రెట్లు లేదా 9 మీటర్లు, ఏది ఎక్కువైతే అది. డీజీ సెట్‌కైతే భవనం ఎత్తు మీద కేవీఏ వర్గమూలంలో 0.2 వంతు కలపాలి, 250 కేవీఏకి కప్పు పైన ఇంకో 3.2 మీటర్లు అన్నమాట. అయితే ఎత్తు పెంచితే బూడిద మాయమవదు, దూరంగా పడుతుంది, అంతే.

సైక్లోన్ పెడితే సరిపోదా? బ్యాగ్ ఫిల్టర్ ఖర్చు చాలా ఎక్కువ

సైక్లోన్ పొగని గిర్రున తిప్పి బరువైన రేణువుల్ని కిందికి దించుతుంది, సన్న బూడిద దాన్ని తప్పించుకుని బయటికి పోతుంది, ఊపిరితిత్తుల లోపలికి వెళ్లేదీ ఆ సన్నదే. వడ్లలో ఐదో వంతు బరువు ఊక, ఊకలో దాదాపు ఐదో వంతు బూడిద. అంటే టన్ను వడ్లు ఆడి, వచ్చిన ఊకంతా మీ బాయిలర్‌లోనే కాలిస్తే 40 కిలోల దాకా బూడిద. అందులో కొంతే పొగతో పైకి పోయినా రోజుకి 100 టన్నులు ఆడే మిల్లు చుట్టుపక్కల ఏమవుతుందో ఊహించండి. బాయిలర్ పొగకి మన బోర్డుల ఆర్డర్లలో తరచుగా కనిపించే పరిమితి నార్మల్ ఘనపు మీటరుకి, అంటే ప్రామాణిక వేడికీ ఒత్తిడికీ సరిచేసిన ఘనపు మీటరు పొగకి, 115 మిల్లీగ్రాముల దుమ్ము. ఈ పరిమితికి రావాలంటే ఒట్టి సైక్లోన్‌తో చాలా కష్టం. సైక్లోన్ తర్వాత, గుడ్డ సంచులతో పొగని వడకట్టే బ్యాగ్ ఫిల్టరో, నీళ్లతో పొగని కడిగే వెట్ స్క్రబ్బరో ఉండాలి. కట్టేటప్పుడే చోటు వదలండి. తర్వాత పెడదామంటే బాయిలర్‌కీ చిమ్నీకీ మధ్య జాగా లేక పైపులు వంకర్లు తిప్పి ఫ్యాన్ మీద భారం పెంచుకుంటారు.

నాలుగు నెలలు దాటింది, బోర్డు నుంచి ఏ జవాబూ రాలేదు. అనుమతి వచ్చినట్టేనా?

గాలి చట్టం ప్రకారం బోర్డు నాలుగు నెలల్లో తేల్చాలి, సింగిల్ విండోలో గడువు ఇంకా తక్కువే. కానీ గడువు దాటితే ఇచ్చినట్టే అనే మాట నీటి చట్టంలో ఉంది, 1981 గాలి చట్టంలోని సెక్షన్ 21లో లేదు. ఈ తేడా తెలియక ధైర్యంగా మొదలుపెట్టేస్తారు. ముందు పోర్టల్‌లో మీ ఫైలు ఎవరి దగ్గర ఆగిందో చూడండి. పదిసార్లలో ఏడెనిమిదిసార్లు వాళ్లు అడిగిన వివరానికి మనం జవాబు ఇవ్వకపోవడమే కారణం, ఆ మెసేజ్ అప్లై చేసిన కుర్రాడి మెయిల్‌లో పడి ఉంటుంది.

## స్విచ్ వేసేముందు, సీఎఫ్ఓ కోసం

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినప్పుడు ఏం చూస్తారు?

సీఎఫ్ఈ ఆర్డర్ చేత్తో పట్టుకుని ఒక్కో షరతూ చదువుతూ తిరుగుతారు. చిమ్నీ చెప్పిన ఎత్తు ఉందా, దాని మీద శాంపిల్ తీసే రంధ్రం, నిలబడే ప్లాట్‌ఫారం, సరైన నిచ్చెన ఉన్నాయా, ఫిల్టర్ బిగించారా, దానికి విడిగా కరెంట్ మీటర్ ఉందా, బూడిద ఎక్కడ పోస్తారు, మొక్కలు నాటారా. టెన్షన్ పడాల్సిందేమీ లేదు. వాళ్లు రాకముందే మీరూ అదే ఆర్డర్ పట్టుకుని ఒకసారి తిరగండి, మీ ప్లాంట్ ఆపరేటర్‌ని వెంట పెట్టుకుని.

ఆర్డర్ వచ్చింది, ఫ్రేమ్ కట్టించి ఆఫీసులో పెట్టాం. ఇంకేం చెయ్యాలి?

చదవాలి. ఈ పేజీ మొత్తంలో ఒక్క జవాబే చదివే టైం ఉంటే ఇదే చదవండి. మొదటి పేజీలో మీ పేరూ, చెల్లుబాటు తేదీ ఉంటాయి, అసలు అనుమతి తర్వాతి పేజీల్లో ఉంది. ఏ ఉత్పత్తి, రోజుకి ఎంత, ఏ ఇంధనం, ఎన్ని చిమ్నీలు, ఒక్కో చిమ్నీకి ఎంత పరిమితి, ప్రహరీ దగ్గర గాలి ఎలా ఉండాలి, అన్నీ అక్కడే. ప్రహరీ దగ్గరకి సాధారణంగా 2009 జాతీయ ప్రమాణాలే రాస్తారు, 24 గంటల సగటున పీఎం 10 అనే సన్న దుమ్ముకి ఘనపు మీటరుకి 100 మైక్రోగ్రాములు, అంతకంటే సన్నదైన పీఎం 2.5కి 60. మన దగ్గర గాలి, నీరు, ప్రమాదకర వ్యర్థాలు మూడూ కలిపి ఒకే ఆర్డర్‌గా ఇస్తారు కాబట్టి షరతులు ఎక్కువే ఉంటాయి. నేనైతే ఆ షరతుల్ని తెలుగులో ఒక తెల్లకాగితం మీద రాసి బాయిలర్ దగ్గర గోడకి అంటించమంటాను. బాయిలర్ నడిపే మనిషికి 115 అంటే ఏమిటో తెలియకపోతే, ఓనర్ గదిలో ఫ్రేమ్ ఎంత బాగున్నా లాభం లేదు.

## నడుస్తున్నప్పుడు

స్టాక్ మానిటరింగ్ అంటే అసలు ఏం చేస్తారు? ల్యాబ్ వాళ్లు రిపోర్టు పంపేస్తే చాలదా?

మనిషి చిమ్నీ ఎక్కాలి. గుర్తింపు ఉన్న ల్యాబ్ నుంచి ఇద్దరు కుర్రాళ్లు వస్తారు, పంపు, మీటర్లు ఉన్న పెట్టె తాడుతో పైకి లాగుతారు. చిమ్నీకి ఉన్న రంధ్రం మూత విప్పి సన్న గొట్టం లోపలికి పెడతారు, దాని కొసన తింబుల్ అని వేలి తొడుగు లాంటి గాజుపీచు ఫిల్టర్ ఉంటుంది. లోపల పొగ ఎంత వేగంతో పోతోందో కొలిచి అదే వేగంతో పొగని పీలుస్తారు, వేగం తేడా అయితే లెక్క తప్పు వస్తుంది. తెల్లగా వెళ్లిన తింబుల్ బూడిదరంగులో బయటికి వస్తుంది, ముందూ తర్వాతా బరువు తూచి తేడా చూస్తారు. ఆ రంధ్రం పొగ వంపు తిరిగిన చోటు నుంచి చిమ్నీ వ్యాసానికి ఎనిమిది రెట్లు పైన, చిమ్నీ అంచుకి రెండు రెట్లు కింద ఉండాలి. మీటరు వెడల్పు చిమ్నీకైతే వంపు మీద 8 మీటర్లు, అంచుకి కింద 2 మీటర్లు. ఒక మిల్లులో నిచ్చెన మూడు మెట్లు తుప్పు పట్టి ఊడిపోయి ఉంటే ఆ కుర్రాడు ఎక్కనన్నాడు, నేను వాడిదే రైటన్నాను. ఎవరూ ఎక్కకుండా రిపోర్టు వచ్చిందంటే అది కిందే రాసిన రిపోర్టు. అలాంటిది తీసుకోవద్దు, రేపు బోర్డు వాళ్లు తీసిన శాంపిల్‌తో పోలిస్తే దొరికేది మీరే.

115 దాటి 1,200 వచ్చిందట. అంత పెద్ద తేడానా?

మీ చిమ్నీ గంటకి 10,000 నార్మల్ ఘనపు మీటర్ల పొగ వదులుతుందనుకోండి. 115 దగ్గర రోజంతా నడిస్తే 28 కిలోల లోపు దుమ్ము. 1,200 దగ్గర 288 కిలోలు. ఐదారు బస్తాల బూడిద, ప్రతిరోజూ, ఊరి మీద.

బ్యాగ్ ఫిల్టర్ ఫ్యాన్‌కి కరెంట్ బాగా కాలుతోంది. రాత్రిపూట ఆపితే తెలుస్తుందా?

తెలుస్తుంది, తెలియకపోయినా ఆపకూడదు. పరికరాన్ని ఎప్పుడూ నడిచే స్థితిలో ఉంచాలన్నది చట్టంలోనే ఉన్న షరతు. విడిగా కరెంట్ మీటర్ పెట్టమనేది ఇందుకే. లాగ్‌బుక్‌లో 24 గంటలు నడిచిందని రాసి, మీటర్‌లో సగం యూనిట్లే ఉంటే అధికారి అడగాల్సిన పని కూడా లేదు. ఇంకో సంగతి, ఫిల్టర్ లోపలికీ బయటికీ ఉన్న ఒత్తిడి తేడా చూపించే గేజ్‌ని రోజూ చూడండి. తేడా ఉన్నట్టుండి పడిపోతే బ్యాగు చిరిగినట్టు, బాగా పెరిగితే దుమ్ముతో మూసుకుపోయినట్టు. చిరిగిన బ్యాగు ఆ పూటే మార్చేస్తే మీకూ మంచిది, ఊరికీ మంచిది.

ఊక ధర పెరిగింది. కొన్నాళ్లు బొగ్గు వాడుకోవచ్చా?

ఆర్డర్‌లో ఊక అని ఉంటే ఊకే. బొగ్గులో గంధకం ఉంటుంది, చిమ్నీ ఎత్తు లెక్క మారుతుంది, పొగ మారుతుంది. ముందు ఆర్డర్ సవరణకి అప్లై చేసి, వచ్చాకే మార్చండి. ఉత్పత్తి పెంచినా, ఇంకో బాయిలర్ పెట్టినా, కొత్త ఉత్పత్తి మొదలుపెట్టినా ఇదే పద్ధతి. రాబోయే రోజుల్లో ఇంధనం మారే అవకాశం ఉందనుకుంటే మొదటి అప్లికేషన్‌లోనే రెండు ఇంధనాలూ చూపించి, రెండిట్లో ఎక్కువ పొగ వచ్చేదానికి సరిపడా పరికరాలు పెట్టుకోవడం తెలివైన పని.

మా క్రషర్‌కి చిమ్నీయే లేదు. మాకు గాలి రూల్స్ ఏంటి?

చిమ్నీ లేని దుమ్మే అసలు సమస్య. క్రషర్ యంత్రానికి 3 నుంచి 10 మీటర్ల దూరంలో కొలిస్తే గాలిలో తేలే దుమ్ము ఘనపు మీటరుకి 600 మైక్రోగ్రాములు దాటకూడదు. రాయి నలిగే జా దగ్గరా, జల్లెడ పట్టే స్క్రీన్ల దగ్గరా, బెల్టు నుంచి చిప్స్ కింద పడే చోటా రేకులతో మూయాలి, నీళ్లు చల్లాలి, గాలికి అడ్డుగోడ కట్టాలి, లారీలు తిరిగే దారి గట్టిగా వేసి తడుపుతుండాలి. నీటి నాజిళ్లు సున్నపు పొరతో వారానికే పూడుకుపోతాయి. ట్యాంకు నిండా నీళ్లుంటాయి, పంపు కూడా తిరుగుతుంది, కానీ నాజిల్ నుంచి చుక్కచుక్కగా కారుతుంటుంది, పక్కన దుమ్ము పొగలా లేస్తుంటుంది. నాజిళ్లు శుభ్రం చేసే పని ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించండి.

ఆన్‌లైన్ మీటర్లు అందరికీ తప్పనిసరా?

కాదు. సీపీసీబీ 2014 ఫిబ్రవరి ఆదేశాలతో 17 రకాల ఎక్కువ కాలుష్య పరిశ్రమలకి తప్పనిసరైంది. సిమెంట్, థర్మల్ విద్యుత్, ఫార్మా, చక్కెర, డిస్టిలరీ, కాగితం, ఎరువులు, పురుగుమందులు వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. వాటి రీడింగులు నేరుగా బోర్డు సర్వర్‌కి వెళ్తాయి. మీ ఆర్డర్‌లో ప్రత్యేకంగా పెట్టమంటే ఆ జాబితాలో లేకపోయినా పెట్టాలి.

ఏడాదికోసారి ఏదో ఫారం ఇవ్వాలంటారు, ఏంటది?

ఫారం 5, పర్యావరణ నివేదిక. మార్చితో ముగిసిన సంవత్సరానిది సెప్టెంబర్ 30 లోపు ఇవ్వాలి. గంట పని.

నడుస్తున్న మిల్లు కొన్నాను. పాత ఓనర్ పేరు మీదున్న అనుమతి నాకు చెల్లుతుందా?

సెక్షన్ 21 ప్రకారం యాజమాన్యం మారితే అనుమతి కొత్త యజమానికి ఇచ్చినట్టే లెక్క, షరతులన్నీ కూడా మీ మీదికే వస్తాయి. పేరు మార్పుకి వెంటనే అప్లై చేయండి. కొనకముందే పాత షోకాజ్‌లు, కట్టని పరిహారాలు, బూడిద గుట్టలు ఏమైనా ఉన్నాయేమో రీజనల్ ఆఫీసులో అడిగి, అగ్రిమెంట్‌లో రాయించుకోండి.

రెన్యువల్ ఎప్పుడు?

మీ ఆర్డర్ మీద ఉన్న తేదీయే మీకు లెక్క. ఈ నిబంధనలు ఈమధ్య తరచూ మారుతున్నాయి కాబట్టి పక్క యూనిట్ వాళ్ల మాట పట్టుకోకుండా మీ ఆర్డర్ చదివి, ఆరు నెలల ముందే పోర్టల్‌లో చూసుకోండి.

## తేడా వచ్చినప్పుడు

బాయిలర్ ట్రిప్పయి అరగంట నల్లపొగ వచ్చింది. బోర్డుకి మనమే చెప్పాలా?

చెప్పాలి. ప్రమాదం వల్లగానీ అనుకోకుండాగానీ పరిమితి మించి పొగ వచ్చినా, వచ్చే భయం ఉన్నా వెంటనే తెలియజేయాలని సెక్షన్ 23 అంటుంది. ఏ టైంకి మొదలైంది, ఎందుకు, ఏం చేశారు, ఎప్పుడు ఆగింది, నాలుగు లైన్లు మెయిల్ చేయండి, లాగ్‌బుక్‌లో కూడా రాయండి. ఊరివాళ్ల ఫిర్యాదు ముందు వెళ్లి మీ మెయిల్ తర్వాత వెళ్తే దానికి విలువ తగ్గుతుంది.

షోకాజ్ వచ్చింది, చేతులాడటం లేదు. ఏం రాయాలి?

నిజం రాయండి. ఏ షరతు తప్పారన్నారో దానికొక్కదానికీ జవాబు, సరిచేసినదానికి తేదీ వేసిన ఫోటో, బిల్లు, కొత్త శాంపిల్ రిపోర్టు. ఇంకా చేయాల్సింది ఉంటే మీరు నిలబెట్టుకోగల తేదీ. టాస్క్‌ఫోర్స్ హియరింగ్‌కి పిలిస్తే కన్సల్టెంట్‌ని ఒక్కణ్నే పంపకుండా ఓనర్ వెళ్లాలి. అనుమతి రద్దు చేసేముందు మీ మాట వినాలని చట్టమే చెప్తుంది, ఆ అవకాశం వదులుకోకండి.

ఫ్యాక్టరీ మూసెయ్యమని, కరెంట్ కట్ చెయ్యమని ఆర్డర్ ఇవ్వగలరా?

ఇవ్వగలరు, సెక్షన్ 31ఏ. కరెంట్, నీళ్లు ఆపమని నేరుగా ఆ శాఖలకే రాస్తారు.

జరిమానా ఎంత పడుతుంది?

రెండు రకాలు. మొదటిది చట్టంలో ఉన్న జరిమానా. 2023 జన విశ్వాస్ సవరణ 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక గాలి చట్టంలో చాలా తప్పులకి జైలు బదులు 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టారు. అది కట్టకపోతే వ్యవహారం జైలు దాకా వెళ్తుంది. నీటి చట్టం కింద అనుమతి లేకుండా నడిపినందుకు జైలు శిక్ష ఇప్పటికీ ఉంది. రెండోది పర్యావరణ పరిహారం. జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశాలతో సీపీసీబీ తయారుచేసిన సూత్రంలో మీ రంగుకి ఒక అంకె, తప్పు జరిగిన రోజులు, రేటు, యూనిట్ సైజు, ఊరి జనాభా గుణిస్తారు. జనాభా అంకె ఒకటి అనుకుంటే, చిన్న ఆరెంజ్ యూనిట్‌కి రంగు అంకె 50 ఇంటూ రేటు 250 ఇంటూ సైజు అంకె అర, అంటే రోజుకి 6,250. అరవై రోజులకి 3,75,000. ఇలాంటి పరిహారం వసూలు చేసే అధికారం బోర్డులకి ఉందని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

బోర్డు ఆర్డర్ అన్యాయం అనిపిస్తే?

అనుమతి విషయంలో ఇచ్చిన ఆర్డర్ మీద 30 రోజుల్లో రాష్ట్ర అప్పీల్ అథారిటీకి వెళ్లాలి, ఆ తర్వాత హరిత ట్రైబ్యునల్. మన రెండు రాష్ట్రాలకీ ట్రైబ్యునల్ బెంచ్ చెన్నైలో ఉంది. ఆర్డర్ చేతికి అందిన తేదీ కవరు మీదే రాసి పెట్టుకోండి, 30 రోజుల లెక్క అక్కణ్నుంచే.

## మిల్లు పక్కన ఉంటున్నవాళ్ల ప్రశ్నలు

ఆరేసిన బట్టల మీద, నీళ్ల బిందెల మీద నల్లటి బూడిద పడుతోంది. ఎవరికి చెప్పాలి?

మీ జిల్లాని చూసే పొల్యూషన్ బోర్డు రీజనల్ ఆఫీసులో ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలో కూడా ఇవ్వచ్చు. పొగ వస్తోంది అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఒక నోటుబుక్ పెట్టుకుని పదిహేను రోజులు తేదీ, టైం, గాలి ఏ వైపు నుంచి వీస్తోంది, ఏం పడింది రాయండి. డాబా మీద తెల్ల పళ్లెం ఒకటి సాయంత్రం పెట్టి పొద్దున్నే ఫోటో తీయండి. ఒక ఊళ్లో ఒక అమ్మమ్మ క్యాలెండర్ మీదే బూడిద పడ్డ రోజులకి సున్నాలు చుట్టుకుంది, లాగ్‌బుక్‌లో మిల్లు ఫిల్టర్ ఆగిన రోజులతో ఆ సున్నాలు దాదాపు కలిశాయి. అధికారులు ముందు చూసింది ఆ క్యాలెండరే.

వాళ్లకి గవర్నమెంట్ పర్మిషన్ ఉందంట. ఇంక మనం చేసేదేం లేదా?

ఉంది. ఆ పర్మిషన్ షరతులతో ఇచ్చింది. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో రీజనల్ ఆఫీసుకి అప్లికేషన్ పెట్టి సీఎఫ్ఓ ఆర్డర్ కాపీ, గత రెండేళ్ల శాంపిల్ రిపోర్టులు, తనిఖీ నివేదికలు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఆర్డర్ చేతికొచ్చాక ఏ షరతు తప్పుతున్నారో దాని నంబర్ వేసి ఫిర్యాదు రాస్తే ఆ ఫిర్యాదుని పక్కన పెట్టడం కష్టం.

రాత్రి పన్నెండు తర్వాతే వదులుతున్నారు, పొద్దున అధికారులు వస్తే ఏమీ ఉండదు

ఈ మాట పటాన్‌చెరు, బొల్లారం వైపు నుంచి, విశాఖ వైపు నుంచి నేను ఎక్కువగా వింటాను. 2009లో తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో ఈ రెండు చోట్లూ ఉన్నాయి. ఫిర్యాదులోనే రాత్రి తనిఖీ కావాలని, ఏ గంటల మధ్య కావాలో రాయండి. ఫిల్టర్ విడి కరెంట్ మీటర్ రీడింగులు, లాగ్‌బుక్ తనిఖీ చేయమని కూడా అడగండి, రాత్రి ఆపేస్తే ఆ యూనిట్లు తగ్గి కనిపిస్తాయి. ఆన్‌లైన్ మీటర్లున్న ఫ్యాక్టరీ అయితే ఆ గంటల డేటా అడగండి. వాసనకి కళ్లు మండుతుంటే, ఊపిరాడకపోతే ఫోటోల కోసం ఆగకుండా గాలికి అడ్డంగా దూరం జరిగి 112కి ఫోన్ చేయండి.

మా ఆయన అదే మిల్లులో పనిచేస్తాడు. ఫిర్యాదు చేస్తే పని పోతుందేమో

ఈ భయం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోను. ఒక్కరి పేరుతో కాకుండా వీధివాళ్లంతా కలిసి, వార్డు మెంబరో సర్పంచో సంతకం పెట్టి ఇవ్వండి. మిల్లు మూసెయ్యండి అని రాయకండి, ఫిల్టర్ నడపండి, చిరిగిన బ్యాగులు మార్చండి, బూడిద లారీ మీద పట్టా కప్పండి అని రాయండి. నేను చూసిన ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావాటికి మిల్లు ఆగలేదు, బ్యాగులు మారాయి. పొగ ఎక్కువగా పీల్చేది మీ ఆయనే కాబట్టి ఆయనకి దగ్గు, ఆయాసం ఉంటే డాక్టర్ చీటీలు తేదీల వారీగా దాచిపెట్టండి.